ఇంటి పెద్దావిడ జీవితాన్ని పుస్తకంగా కూర్చడం ఎలా

ఎనభై, తొంభై ఏళ్లు నిండుగా బతికిన అమ్మమ్మో నాయనమ్మో కన్నుమూసిన ఇంట్లో, వారం తిరగకముందే ఒక సంగతి బయటపడుతుంది. ఆమె గురించి అందరికీ అంతా తెలుసని అనుకుంటూ ఉంటాం గాని, ఆమె ఏ ఊళ్లో పుట్టింది, పుట్టింటివారి ఇంటిపేరేమిటి, పెళ్లి ఏ సంవత్సరంలో జరిగింది అని అడిగితే నలుగురు నాలుగు రకాలుగా చెబుతారు. తాతయ్యకైతే సర్వీసు పుస్తకం ఉంటుంది, భూమి పట్టా ఉంటుంది, బడిలో చదివిన ఆనవాలు ఉంటుంది. ఆమెకు ఉన్నవల్లా రేషన్ కార్డులో అంచనాగా వేసిన వయసు, ఆధార్ కార్డులో జనవరి 1 అని పడిన పుట్టినరోజు మాత్రమే. ఆ తరం ఆడవాళ్ల జీవితాలకు కాగితం లేదు. కాబట్టి వారిని తలుచుకోవడమంటే ముందుగా ఆ కాగితాన్ని మనమే తయారుచేయడం. వస్తువుల నుంచి, పాటల నుంచి, సాటివాళ్ల జ్ఞాపకాల నుంచి ఆ పనిని ఎలా చేయవచ్చో, హైదరాబాదు చిక్కడపల్లిలోని మా ఇంట్లో మా అమ్మమ్మ పోయిన తరువాత ఏడాదిపాటు చేసి నేర్చుకున్నదాన్ని ఇక్కడ రాస్తున్నాను.

మొదట గడువు సంగతి. చాలా కుటుంబాలలో పదకొండో రోజుకే ఏదో ఒకటి అచ్చువేసి పంచాలన్న తొందర ఉంటుంది. ఒక ఫొటో, రెండు తేదీలు, నాలుగు పొగడ్తలు ఉన్న కార్డు అయితే అప్పటికి సరిపోతుంది. జీవితచరిత్రను మాత్రం ఆ తొందరలో ముగించవద్దని నా గట్టి అభిప్రాయం. ఆ పది రోజులూ సేకరణకు పెట్టుకుని, సంవత్సరికం నాటికి పుస్తకం చేతికి వచ్చేలా చూసుకోండి. ముప్పై రెండు పేజీల చిన్న పుస్తకానికి ఏడాది ఎక్కువేమీ కాదు.

మొదటి పది రోజులు

అన్నిటికన్నా ముందు ఆమె గొంతును కాపాడండి. ఆమె వాడిన ఫోన్‌ను ఎవరో ఒకరు తీసుకుంటారు, అందులో ఉన్నదంతా చెరిపి కొత్తగా వాడుకోవడం మొదలుపెడతారు. అంతకుముందే అందులోని ఫొటోలను, వీడియోలను కంప్యూటర్‌లోకి ఎక్కించండి. ఆమె మనవలకు, మనవరాళ్లకు వాట్సాప్‌లో పంపిన మాటలు వాళ్ల వాళ్ల ఫోన్లలో ఉంటాయి గనుక, ప్రతి ఒక్కరినీ వెతికి పంపమని అడగండి. "తిన్నవా బిడ్డా, మళ్ల ఎప్పుడొస్తవ్" అన్న పది సెకన్ల మాట అయినా సరే, వదలవద్దు. అన్నిటినీ ఒకచోట చేర్చి రెండు నకళ్లు తీసి, రెండు వేర్వేరు ఇళ్లలో ఉంచండి.

రెండవది ఆమె బీరువా, ట్రంకు పెట్టె. మనలో చీరలను కూతుళ్లు, కోడళ్లు పంచుకోవడం ఆనవాయితీ, అది మంచిదే. కాని పంచుకున్న రోజుతో ఆ చీరలు ఒకచోట కనిపించడం ఆగిపోతుంది. పంచుకోవడానికి ముందు రోజు పగటి వెలుగులో ఒక్కొక్క చీరను పరిచి ఫొటో తీసి, అది గద్వాలదా, నారాయణపేటదా, పోచంపల్లిదా, ఎవరు పెట్టింది, ఏ సందర్భంలో పెట్టింది అన్నది అక్కడే ఉన్న ఆడవాళ్లను అడిగి రాసుకోండి. మా ఇంట్లో ఈ ఒక్క మధ్యాహ్నం నాకిచ్చినన్ని సంగతులు ఆ తరువాతి రెండు నెలలు ఇవ్వలేదు. చీర చేతిలో ఉన్నప్పుడు మనిషికి జ్ఞాపకం దానంతట అదే వస్తుంది.

ఆ పది రోజులూ చుట్టాలు వస్తూ ఉంటారు, చాప మీద కూర్చుని ఆమె మాటలే మాట్లాడుకుంటారు. ఆ మాటలను వినే పని ఒక్కరికి అప్పగించండి. కర్మ చేస్తున్న కొడుకుకు ఆ తీరిక ఉండదు కాబట్టి సాధారణంగా మనవరాలో, చిన్న కోడలో ఈ పనికి తగినవారు. మొదటి మూడు రోజులు ఎవరినీ ఏమీ అడగవద్దు, వినడమే చేయండి. ఆ తరువాత అనుమతి తీసుకుని ఫోన్‌లో రికార్డు చేయండి. ప్రతి రికార్డుకూ మాట్లాడినవారి పేరు, తేదీ పెట్టకపోతే నెల తిరిగేసరికి ఏ గొంతు ఎవరిదో పోల్చుకోవడం కష్టమవుతుంది. అందరికన్నా వయసులో పెద్దవారితో మొదలుపెట్టండి. దగ్గరివాళ్లు ఎప్పుడైనా దొరుకుతారు, ఆమెతో కలిసి చిన్నప్పుడు గచ్చకాయలాడిన చెల్లెలు ఎల్లకాలం ఉండదు.

ఏమి అడగాలి

"అమ్మమ్మ ఎలాంటిది?" అని అడిగితే "దేవత లాంటిది" అన్న జవాబే వస్తుంది. అది అబద్ధం కాదు గాని ఆ మాటతో ఏ పేజీ నిండదు. ఒక రోజును గురించి అడగండి. పొద్దున ఎన్నింటికి లేచేది, లేవగానే మొదట ఏ పని ముట్టుకునేది, నీళ్లు ఎక్కడి నుంచి వచ్చేవి, అందరూ తిన్నాక తాను ఎక్కడ కూర్చుని తినేది, మధ్యాహ్నం కాసేపు ఖాళీ దొరికితే ఎవరి ఇంటికి వెళ్లేది. ఆమె సొంతంగా తీసుకున్న నిర్ణయాలను ప్రత్యేకంగా అడగండి: నగ తాకట్టు పెట్టి ఎవరి ఫీజు కట్టింది, ఏ కూతురి పెళ్లిని ఆపింది, ఎవరితో మాట్లాడడం మానేసింది, మళ్లీ ఎలా కలిసింది. ఆ తరం స్త్రీని మనం భార్యగా, తల్లిగా మాత్రమే గుర్తుపెట్టుకుంటూ వచ్చాం. ఇంటిని ఆమె నడిపించిన తీరు ఈ ప్రశ్నల వల్లనే తెలుస్తుంది.

రక్తసంబంధీకుల దగ్గరే ఆగిపోవద్దు. ఇరవై ఏళ్లు ఇంట్లో పనిచేసిన ఆమె, గడప దగ్గర కూర్చుని కూరగాయలు తూచిన ఆమె, పక్క వాటాలో అద్దెకున్నవారు, జాకెట్లు కుట్టిన దర్జీ చెప్పే సంగతులు పిల్లలకు తెలియవు. మాకు కూరగాయలు తెచ్చే ఆమె చెప్పేదాకా, అమ్మమ్మ ప్రతి వేసవిలోనూ ఆమె కూతురి పుస్తకాలకు డబ్బు ఇచ్చేదని మాలో ఎవరికీ తెలియదు.

ఒక ప్రశ్నను మాత్రం చాలా నెమ్మదిగా, ఒంటరిగా ఉన్నప్పుడు అడగాలి. "ఎంతమంది పిల్లలు?" అంటే బతికి ఉన్నవారి లెక్క చెబుతారు. "ఎన్ని కాన్పులు?" అని అడిగితే వేరే లెక్క వస్తుంది. మా అమ్మమ్మకు ఐదుగురు పిల్లలని పుట్టినప్పటి నుంచి వింటున్నాను. ఆమెకు ఎనిమిది కాన్పులని ఆమె చెల్లెలు, మా చిన్నమ్మమ్మ చెప్పారు. ఒక బాబు అమ్మవారు పోసి పోయాడు, ఒకరు పురిట్లోనే పోయారు, ఒక పాప మూడో నెలలో పోయింది. ఆ తరంలో చాలా ఇళ్లలో ఇలాంటి లెక్క ఉంటుంది. ఆ పిల్లలను పుస్తకంలో చేర్చండి. పుట్టిన క్రమంలో, బతికినవారి మధ్యలో, వారి చోట వారిని రాయండి. చివర్లో వేరుగా ఒక వాక్యంలో కలిపేయడం ఆమె పడిన కష్టాన్ని తక్కువ చేయడమే అవుతుంది.

సంవత్సరాలు తేల్చడం

ఆ తరంవారు సంవత్సరాన్ని అంకెలలో చెప్పరు. తెలుగు సంవత్సరం పేరుతోనో, పండుగతోనో, నగరంలో జరిగిన పెద్ద సంఘటనతోనో చెబుతారు. దాన్ని అంకెలోకి మార్చే పద్ధతి తెలిస్తే చాలా చిక్కులు విడిపోతాయి.

అరవై సంవత్సరాల చక్రంలో ప్రభవ 1927లో వచ్చింది, మళ్లీ 1987లో వచ్చింది. అక్కడి నుంచి వరుసగా లెక్కపెట్టుకోవచ్చు: 1934లో భావ, 1947లో సర్వజిత్తు, 1948లో సర్వధారి. ఇక్కడ ఎక్కువమంది చేసే పొరపాటు ఒకటుంది. తెలుగు సంవత్సరం ఉగాది నుంచి ఉగాది దాకా నడుస్తుంది కనుక మాఘ, ఫాల్గుణ మాసాలు ఇంగ్లీషు లెక్కలో తరువాతి సంవత్సరంలో పడతాయి. మా అమ్మమ్మ పెళ్లి సర్వధారి మాఘంలో అని జాతకం కాగితాల వెనుక రాసి ఉంటే, మా పెద్ద మామయ్య దాన్ని 1948 అని లెక్కవేశారు. నిజానికి అది 1949 మొదట్లో వస్తుంది. చిన్నమ్మమ్మ చెప్పిన మాట ఈ లెక్కను బలపరిచింది: "గా యాడాది పోలీస్ యాక్షన్ అయింది గదా, లగ్గం మాగమాసానికి జరిపిండ్రు." హైదరాబాదు రాజ్యాన్ని కలుపుకోవడానికి భారత సైన్యం చేసిన ఆ పోలీస్ యాక్షన్ 1948 సెప్టెంబరులో జరిగింది, నిజాం లొంగుబాటు ప్రకటించింది 17వ తేదీన. రెండు వేర్వేరు చోట్ల నుంచి వచ్చిన సంగతులు ఇలా కలిసినప్పుడే తేదీని పుస్తకంలో ఖాయం చేయండి. కలవకపోతే "సుమారుగా" అని రాయండి, తప్పేమీ లేదు.

పాత కాగితాలలో ఫసలీ (నిజాం రాజ్యంలో వాడిన రెవెన్యూ లెక్క) సంవత్సరం కనిపిస్తే దానికి 590 కలపండి, ఒక ఏడాది అటూ ఇటూగా సరిపోతుంది. నిజాం రాజ్యంలో అధికార భాష ఉర్దూ కాబట్టి పట్టాలు, బడి కాగితాలు ఉర్దూలో ఉండే అవకాశం ఎక్కువ. ఉర్దూ చదవగలిగిన పెద్దవారు ఈ నగరంలో ప్రతి పేటలోనూ ఉన్నారు, అడిగితే కాదనరు. అలాగే ధరలను రాసేటప్పుడు నిజాం ప్రభుత్వపు హాలీ రూపాయా, బ్రిటిష్ ఇండియా కల్దారా అని కనుక్కోండి. ఉస్మానియా సిక్కా అయిన హాలీ ఏడు రూపాయలు సుమారుగా ఆరు కల్దార్ రూపాయలతో సమానం. 1950ల దాకా ఇక్కడ రెండూ నడిచాయి. "ఏడు రూపాయల చీర" అన్న మాటకు దీన్నిబట్టే అర్థం మారుతుంది.

ఆ తరువాతి కాలానికి హైదరాబాదు మనకు ఎన్నో గుర్తులు ఇచ్చింది. 1969లో తెలంగాణ ఉద్యమంతో బడులు మూతపడిన ఏడు, అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ నెత్తిన పడుతుందని జనం భయపడిన 1979 జూలై, పట్టపగలు వీధులు నిర్మానుష్యమైన 1980 ఫిబ్రవరి 16 నాటి సూర్యగ్రహణం, హుస్సేన్ సాగర్‌లో బుద్ధ విగ్రహం మునిగిపోయిన 1990 మార్చి, మళ్లీ దాన్ని పైకి తీసి నిలబెట్టిన 1992 డిసెంబరు, కాలనీలు నీట మునిగిన 2000 ఆగస్టు. "అప్పుడు ఒళ్లో ఎవరున్నారు? ఏ ఇంట్లో ఉన్నారు?" అని అడిగితే చాలు, పిల్లల వయసులు, ఇళ్లు మారిన క్రమం వాటంతట అవే తేలుతాయి. నాంపల్లిలో ఏటా జరిగే ప్రదర్శన నుమాయిష్‌లో తీయించుకున్న ఫొటోలు కూడా చాలా ఇళ్లలో ఉంటాయి. ఫొటో వెనుక స్టూడియో ముద్రను తప్పక చూడండి.

ఇక ఇంట్లో ఉన్న ఒక పెద్ద ఆధారాన్ని చాలామంది గమనించరు. అది వంటింట్లోని స్టీలు సామాను. గిన్నెల మీద పేరు, సందర్భం, తేదీ చెక్కించడం మన అలవాటు. అటక మీది సామానంతా దించి, ప్రతి గిన్నె మీదున్న రాతనూ ఒక నోటు పుస్తకంలోకి ఎక్కించండి. మా ఇంట్లో ఒక గృహప్రవేశం తేదీ, రెండు పెళ్లిళ్ల తేదీలు, ఎవరికీ గుర్తులేని ఒక మేనత్త పేరు గిన్నెల మీదే దొరికాయి. పాత పంచాంగాల అంచులు, శుభలేఖలు, ట్రంకు పెట్టె అడుగున పరిచిన వార్తాపత్రిక కూడా ఇలాంటివే.

పేరు విషయంలో ఒక మాట. పుస్తకం అట్ట మీద ఆమె పేరును అత్తింటి ఇంటిపేరుతో వేసినా, లోపల మొదటి పేజీలోనే పుట్టింటి ఇంటిపేరు, తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన ఊరు, ముద్దుపేరు రాయండి. పెళ్లి తరువాత అత్తవారు పేరు మార్చిన ఇళ్లు కూడా ఉన్నాయి, మార్చి ఉంటే ఆ రెండు పేర్లూ రావాలి. మరణాన్ని నమోదు చేయించేటప్పుడు ఈ అక్షరాలను సరిచూసుకోవడం మరింత అవసరం. నమోదుకు చట్టం ఇచ్చిన గడువు 21 రోజులు. ఆ హడావుడిలో తప్పుగా పడిన పేరే ఆ తరువాత అన్ని కాగితాలలోనూ కొనసాగుతుంది.

ఆమె చేతి పని

వంటలను రాయడానికి "తగినంత ఉప్పు" అని రాసే పద్ధతి పనికిరాదు. ఆమె దగ్గర నేర్చుకున్న కూతురిని పిలిచి, ఎప్పటిలాగే చేత్తో వేయమని చెప్పి, వేసే ముందు ప్రతి పిడికిలినీ తూకం యంత్రం మీద పెట్టించండి. సోల, గిద్ద, తవ్వ కొలతలలో చెబితే ఆ పాత్రనే తెప్పించి, దానితో కొలిచిన బియ్యాన్ని తూచి గ్రాములలోకి మార్చండి, ఎందుకంటే ఈ కొలతలు ఊరికి ఊరికీ కొంత మారతాయి. సకినాల వంటివాటికి తూకం కూడా చాలదు. తడి బియ్యప్పిండిలో నువ్వులు, వాము కలపడం ఎవరైనా చేస్తారు, పిండిని వేళ్ల మధ్య నుంచి మెలిపెడుతూ గుడ్డ మీద చుట్లు తిప్పడంలోనే ఆమె నేర్పంతా ఉంది. ఆ చేతులు ఇప్పుడు లేకపోయినా, ఆమెలాగే చుట్టేవారు ఒకరైనా ఉంటారు. సంక్రాంతికి ఆ చేతులను పై నుంచి వీడియో తీసి, నాలుగు దశలను ఫొటోలుగా పుస్తకంలో వేయండి.

బతుకమ్మ పాటలకు ఇంకా ఎక్కువ శ్రద్ధ కావాలి. పాట అందరిదే అయినా ఆమె పాడిన వరస ఆమెదే. ఏ చరణం ముందు, ఏ ఊరి పేరు ఎక్కడ వేసి పాడింది, ఏ మాటను ఎలా పలికింది అన్నది ఆమెతో కలిసి తిరిగి ఆడినవారికే తెలుసు. కూర్చోబెట్టి పాడమంటే వారికి గుర్తురాదు. నలుగురిని లేపి, చప్పట్లు కొడుతూ తిరగమనండి, "ఉయ్యాలో" అన్న చోట అడుగు పడగానే తరువాతి చరణం నోటికి వస్తుంది. రికార్డు చేసి, ఆమె పలికినట్టే, యాసను దిద్దకుండా రాయండి.

రాయడం, అచ్చు వేయించడం

పుట్టుకతో మొదలుపెట్టవద్దు. మీకు బాగా తెలిసిన ఆమె ఒక ఉదయంతో మొదలుపెట్టి, ఆ తరువాత పుట్టింటికి వెళ్లి వరుసగా రండి. ఆమె మాటలు వచ్చిన చోట యాసను అలాగే ఉంచండి, మీ వాక్యాలు మీ భాషలో ఉండనివ్వండి. ఆస్తి తగాదాలను వదిలేయండి. చివరి రోజులకు ఒక పేజీ మించి ఇవ్వవద్దు. మా అమ్మమ్మ ఆఖరి మూడు వారాలు ఒక ఆసుపత్రిలో, మేము చూడడానికి వీలులేని గదిలో గడిచాయి. మొదటి చిత్తుప్రతిలో నేను ఆ బాధనే పన్నెండు పేజీలు రాశాను. ఎనభై తొమ్మిదేళ్ల జీవితంలో మూడు వారాలకు అంత చోటు ఇవ్వడం ఆమెకు అన్యాయమని, మా అమ్మ ఆ పేజీలను చదివి చెప్పింది. వాటిని తీసేసిన తరువాతే పుస్తకంలోకి ఆమె తిరిగి వచ్చింది.

ఫొటోలను ఆల్బం నుంచి పీకవద్దు, పాత జిగురుతో ముఖాలు ఊడివస్తాయి. కిటికీ పక్కన ఫ్లాష్ లేకుండా ఆల్బంలో ఉన్నట్టే తీయండి. విడిగా ఉన్నవాటిని 600 డీపీఐలో స్కాన్ చేయించండి. వెనుక పేర్లు రాయాలంటే మెత్తని పెన్సిల్ వాడండి.

మధ్యలో పిన్ను కొట్టే పుస్తకానికి పేజీల సంఖ్య నాలుగుతో భాగింపబడాలి. చదివేవారిలో పెద్దవారే ఎక్కువ కనుక అక్షరం 14 పాయింట్లకు తగ్గకుండా చూసుకోండి. మామూలు మ్యాప్‌లితో కాగితం చాలు, మెరిసే కాగితం మీద ముసలి కళ్లకు చదవడం కష్టం. మీరు ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో యూనికోడ్‌లో టైపు చేసి ఇస్తే, డీటీపీ (అచ్చుకు పేజీలు కూర్చడం) చేసేవారు దాన్ని అచ్చు పనికి వాడే అను ఫాంట్లలోకి మార్చడం నగరంలో మామూలే. ఆ మార్పులో ఒత్తులు ఎగిరిపోతాయి. మీరు ఇచ్చినప్పుడు సరిగా ఉన్నదే కదా అని వదిలేయకుండా, మార్చిన ప్రతిని మొదటి నుంచి చివరిదాకా బిగ్గరగా చదివించి ప్రూఫు దిద్దండి. ఊళ్ల పేర్లను, మనుషుల పేర్లను రెండోసారి విడిగా చూడండి. చివర నాలుగు పేజీలను ఖాళీగా వదలమని ప్రెస్సువారికి ముందే చెప్పండి, లేకపోతే వృథా అనుకుని తీసేస్తారు. ఒక ప్రతిని 1901లో స్థాపించిన, సుల్తాన్‌బజారులో ఉన్న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వంటి గ్రంథాలయాన్ని అడిగి చూసి ఇవ్వండి. ఎవరి అమ్మమ్మ అయినా ఈ నగర చరిత్రలో ఒక భాగమే.

పెత్తరమాస నాడు

పుస్తకాన్ని సంవత్సరికం నాడు పంచిన తరువాత, ప్రతి ఏటా తీసి చదివే రోజును ఒకటి పెట్టుకోండి. తెలంగాణలో అందుకు పెత్తరమాసకు మించిన రోజు లేదు. భాద్రపద అమావాస్య నాడు పొద్దున పెద్దల పేరున బియ్యం ఇస్తాం, ఆ సాయంత్రమే ఎంగిలి పూల బతుకమ్మ పేరుస్తాం. పొద్దున ఆమె పేరున బియ్యం ఇచ్చే ముందు ఒక అధ్యాయం, సాయంత్రం గునుగు, తంగేడు, బంతి పూలు పేరుస్తూ ఇంకొకటి పిల్లలచేత చదివించండి. చదివేటప్పుడు పెద్దవాళ్లు తప్పులు పట్టుకుంటారు, అందుకే ఆ ఖాళీ పేజీలు. దిద్దుబాటు ఎవరు చెప్పారో, ఏ రోజు చెప్పారో రాసి, కింద వారిచేత సంతకమో వేలిముద్రో పెట్టించండి.

మా ఇంట్లో మొదటి పెత్తరమాస నాడు నేను కాన్పుల పేజీ చదువుతూ "మూడో నెలలో పోయిన పాప, పేరు పెట్టలేదు" అనగానే, పూలు తెంపుతున్న చిన్నమ్మమ్మ చేయి ఆపారు. "పేరు పెట్టకపోవుడేంది? ఉయ్యాల్ల ఏసి పిలిచినం గద" అని ఆ పేరు చెప్పారు. మా అమ్మకు కూడా అది తెలియదు. అక్కడే పెన్ను తెచ్చి ఖాళీ పేజీలో మొదటి వరుసలో ఆ పేరు రాసి, తేదీ వేసి, చిన్నమ్మమ్మచేత సంతకం చేయించాం. రెండో ముద్రణకు ఇచ్చే ప్రతిలో ఆ పాప పేరు నాలుగో కాన్పు దగ్గర, తన చోట, పడింది.